నల్లపొగ ఎప్పుడు వచ్చుచున్నది?

ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా సారపాక చేరి, 1965లో ప్రారంభమైన గోదావరి వంతెన దాటి, భద్రాచలము విడిచి చింతూరు వరకు అడవి నడుమ సాగి, అచ్చటి నుండి మారేడుమిల్లి ఘాటు నెక్కు మార్గమున పాతబండ్లను నడుపువారికి ఒక విచిత్రమైన అనుభవము తరచుగా ఎదురగుచుండును. బండి ఎత్తుపై లాగుట లేదని తలచి, మరికొంత పెట్రోలు పోవునట్లు పెద్ద జెట్టు బిగించినచో, అది మునుపటికంటె బాగుగా లాగవలసినది పోయి, సైలెన్సరు వెంట నల్లని పొగ వదలుచు, మిస్సింగు కొట్టుచు, నిన్న రెండవ గేరులో ఎక్కిన మలుపును నేడు మొదటి గేరులో గాని ఎక్కలేని స్థితికి వచ్చును. మైలేజి పడిపోవును, బండిలో కూర్చున్నవారి బట్టలకు పెట్రోలు వాసన పట్టును. ఇంజనునకు బలమిచ్చునది పెట్రోలే అయినపుడు, పెట్రోలు పెరిగిన కొలది బలము తగ్గుట యేమి?

ఇచ్చట పాతబండ్లనగా 1489 సి.సి. ఇంజను గల అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినులు, 2.2 లీటర్ల ‘హరికేన్’ పెట్రోలు ఇంజనుతో వచ్చిన వెనుకటి మహీంద్రా జీపులు, కార్బురేటరు కాలపు మారుతీ జిప్సీలు. డీజిలు జీపుల నల్లపొగకు కారణములు వేరు గనుక వానిని విడిచిపెట్టుచున్నాను. ఈ పెట్రోలు బండ్లలో కర్మాగారము నుండి వచ్చిన తీరుననే నేటికిని ఉన్నవి బహు స్వల్పము. ఒకదానికి వేరొక కారు ఇంజను, ఇంకొకదానికి మరియొక బండి కార్బురేటరు, కొన్నిటికి కరెంటు పెట్రోలు పంపు, కొన్నిటికి గ్యాసు కిట్టు చేరినవి. ఇట్లు చేర్చిన వస్తువులలో ఏ యొక్కటియు చెడ్డది కాకపోవచ్చును. కాని ఇన్ని లీటర్ల ఇంజను, కార్బురేటరులో ఇంత గొంతు, ఇంత జెట్టు, ఇంత ఒత్తిడి గల పంపు అని తయారీదారు పరీక్షలు చేసి కుదిర్చిన పొత్తు ఒక వస్తువు మారగానే చెడును. అట్టి బండిని పరీక్షించువాడు ‘ఎంత పొగ వచ్చుచున్నది’ అని అడుగుటకంటె ‘ఎప్పుడు వచ్చుచున్నది’ అని అడిగినచో సగము రోగము అచ్చటనే తేలును.

గాలి లెక్క

ఒక కిలో పెట్రోలు నిశ్శేషముగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. గాలి మిక్కిలి తేలిక గనుక ఈ లెక్కను లీటర్లలోనికి మార్చి చూచినచో ఆశ్చర్యము కలుగును: బంకులో పోయించుకొన్న ఒక్క లీటరు పెట్రోలునకు ఇంజను దాదాపు 9,000 లీటర్ల గాలిని పీల్చవలసియున్నది. కట్టెల పొయ్యిలో సందు లేకుండ కట్టెలు కుక్కినచో మంట క్రుంగి ఇల్లంతయు పొగ కమ్ముట వంట చేసినవారందరికిని తెలిసినదే. పెద్ద జెట్టు బిగించిన ఇంజనులో జరుగునదియు అదియే.

కొంచెము లోతుగా చూతము. గాలి చాలినంత ఉన్నపుడు పెట్రోలులోని కర్బనము పూర్తిగా కాలి, బొగ్గుపులుసు వాయువుగా మారి, తనలోని వేడినంతయు విడుచును. గాలి చాలనపుడు కొంత కర్బనము సగమే కాలి కార్బన్ మోనాక్సైడుగా వెలువడును. అట్లు సగము కాలిన కర్బనము ఇచ్చు వేడి, పూర్తిగా కాలినపుడు ఇచ్చు వేడిలో మూడవ వంతునకును తక్కువ. మరికొంత కర్బనము అసలే కాలక మసియై ప్లగ్గులను, సైలెన్సరును పట్టుకొనును. ఆవిరి కావలసిన అధిక పెట్రోలు మండుచున్న వాయువు నుండియే వేడిని అపహరించును. ఇట్లు డబ్బు పెట్టి కొన్న ఇంధనము బలమీయకపోగా ఉన్న బలమును తగ్గించును.

అయినను 14.7 అన్ని వేళలకును చెల్లు అంకె కాదు. పూర్తి బరువుతో ఎత్తు నెక్కునపుడు, వచ్చిన గాలిలో ఒక్క కణమును వృథా కాకుండ వాడుకొనుటకు, మిశ్రమము కొంచెము చిక్కగానే, అనగా ఒక వంతు పెట్రోలునకు పన్నెండున్నర, పదమూడు వంతుల గాలి చొప్పున ఉండవలెను. చల్లని ఇంజనును లేపుటకు ఇంకను చిక్కన కావలెను. పది వంతులకు దిగినపుడు మాత్రము మంట మందగించి మిస్సింగు తప్పదు. కాబట్టి వేళకు తగిన చిక్కదనము రోగము కాదు. వేళ తప్పిన చిక్కదనమే రోగము.

కార్బురేటరులోని దారులు

మన దేశపు పాతబండ్లపై తరచుగా కనబడు సోలెక్సు కార్బురేటరును విప్పి బల్లపై పరచినచో ఇత్తడి ముక్కలు గుప్పెడు వచ్చును. అన్నిటి వెనుకను ఉన్న సూత్రమొక్కటే. గాలి పోవు గొట్టము నడుమ ఇరుకైన గొంతు ఉండును. ఇరుకున గాలి వేగము హెచ్చి, ఒత్తిడి తగ్గును. ప్రక్కనున్న ఫ్లోటు గదిలోని పెట్రోలుపై బయటి గాలి ఒత్తిడి యథాతథముగా ఉండుటచే, ఆ వ్యత్యాసము పెట్రోలును జెట్టు గుండ గొంతులోనికి నెట్టును. గాలి హెచ్చినచో పెట్రోలు హెచ్చును, తగ్గినచో తగ్గును. జర్మనీలో విల్హెల్మ్ మేబాఖ్ 1893లో చిమ్మునాళపు కార్బురేటరును రూపొందించినది మొదలు ఈ పద్ధతి నూరేండ్లు కార్లను నడిపినది.

కాని ఒక్క జెట్టు అన్ని వేగములకు సరిగా కొలువలేదు. అందుచే సోలెక్సులో పెట్రోలునకు నాలుగు దారులు ఏర్పరచిరి. చలిలో ఇంజనును లేపు చోకు దారి ఒకటి. బండి నిలిచి ఇంజను స్లోలో తిరుగునపుడు పనిచేయు స్లో జెట్టు దారి రెండవది. పరుగున పనిచేయు మెయిన్ జెట్టు దారి మూడవది. యాక్సిలరేటరును చటుక్కున నొక్కినపుడు ఒక్క చిమ్ముగా పెట్రోలు పోయు పికప్ పంపు నాల్గవది. ‘ఎప్పుడు’ అను ప్రశ్నకు విలువ వచ్చినది ఇందువలననే. స్లోలో నల్లపొగ వచ్చి పరుగున శుభ్రపడు బండిలో మెయిన్ జెట్టును విప్పుట వ్యర్థము. పరుగున మాత్రమే పొగ వచ్చు బండికి స్లో స్క్రూను ఎంత త్రిప్పినను ఫలము సున్న.

జెట్టు మీది అంకె
*సోలెక్సు జెట్టుపై చెక్కియుండు అంకె దాని రంధ్రపు వ్యాసమును మిల్లీమీటరులో నూరవ వంతులుగా తెలుపును: 120 అనగా 1.20 మి.మీ. అంకె పది పెరిగినచో వ్యాసము కొంచెమే పెరిగినట్లుండును గాని, పెట్రోలు పారునది రంధ్రపు వైశాల్యము గుండ. 120 నుండి 130కి మారినపుడు ఆ వైశాల్యము 17 శాతము హెచ్చును. ‘ఒక్క నంబరు పెంచితిమి’ అనువారు ఈ లెక్క చూచుకొనవలెను. పెట్రోలులో గాలిని కలుపు గాలి జెట్టు విషయము దీనికి తలక్రిందులు: దాని అంకె పెరిగిన కొలది మిశ్రమము పలుచనగును. ఇత్తడి మెత్తని లోహము. జెట్టులోని చెత్తను ఉక్కు తీగతో పొడిచి తీయు అలవాటు వలన రంధ్రము అరిగి పెద్దదై, అంకె 120గా ఉండగనే పని 125 వలె జరుగుచుండును. జెట్టును గాలి కొట్టియే శుభ్రపరుపవలెను.*

స్లోలోనే చిక్కనైనచో

మొదట చూడవలసినది చోకు తీగ. ఇంజను మార్చిన బండ్లలో ఈ తీగ పాతది పొట్టిదై గాని, క్రొత్త వంపు తిరిగి గాని ఉండును. డాష్‌బోర్డుపై గుండీ పూర్తిగా లోపలికి పోయినను, కార్బురేటరు వద్ద మీట రెండు మూడు మిల్లీమీటర్లు వెనుకకు రాక నిలిచిపోవును. సోలెక్సు చోకు పెక్కింట మూత వంటిది కాదు, ప్రత్యేకమైన జెట్టు గల దారిని తెరచు బిళ్ల. అది రవంత తెరచియున్నను పెట్రోలు అదనముగా కారుచునే యుండును. బానెట్టు ఎత్తి మీటను వ్రేలితో నెట్టి చూచినచో పది క్షణములలో తేలు ఈ దోషమునకై కార్బురేటరునంతను విప్పించుకొన్నవారు కలరు.

తరువాతిది ఫ్లోటు గది. ఎయిర్ ఫిల్టరు తీసి, ఇంజను స్లోలో తిరుగుచుండగా గొంతులోనికి టార్చి వేసి చూడవలెను. అప్పుడు మెయిన్ నాళము నుండి చుక్కయైనను రాలరాదు. రాలుచున్నచో గదిలో పెట్రోలు మట్టము హెచ్చినదని, మన మెకానిక్కుల మాటలో ‘ఓవర్ ఫ్లో’ అగుచున్నదని అర్థము. దానికి హేతువులు మూడు. మొదటిది, గదిలోనికి పెట్రోలు వచ్చు దారిని మూయు నీడిల్ అరిగియుండవచ్చును, లేక అది కూర్చుండు చోట నలుసు చిక్కియుండవచ్చును. ఇప్పుడు పెట్రోలులో ఇథనాలు 20 శాతమునకు చేరినది గనుక పాత ట్యాంకుల గోడలపై ఏండ్ల తరబడి పేరుకొన్న జిగురు కరగి ఊడి వచ్చి సరిగా అచ్చటనే అడ్డుపడును. రెండవది, నీడిల్ క్రింద ఉండు ఫైబరు వాషరు; దాని మందమే మట్టమును నిర్ణయించును గనుక, విప్పినపుడు పారవేసి చేతికి దొరికిన పలుచనిది వేసినచో మట్టము మారిపోవును. మూడవది, ఫ్లోటే చిల్లుపడి పెట్రోలు త్రాగి బరువెక్కుట. దానిని తీసి చెవి దగ్గర ఆడించినచో లోపల పెట్రోలు తొణకు చప్పుడు వినబడును. వేడి నీటిలో ముంచినచో చిల్లున్న చోటి నుండి సన్నని బుడగలు వరుసగా లేచును. ఈ పరీక్షకు పొయ్యిని దగ్గర ఉంచుకొనక, వేరొక చోట కాచిన నీటిని తెచ్చుకొనవలెనని వేరుగ చెప్పనక్కరలేదు.

కరెంటు పంపు అమర్చిన బండ్లలో ఈ మూడును బాగుగనే ఉండియు పెట్రోలు పొంగును. కార్బురేటరు నీడిల్ ఓర్చుకొనగల ఒత్తిడి చదరపు అంగుళమునకు మూడు నాలుగు పౌండ్లు. ఇంజెక్షను కార్ల పంపు ఇచ్చునది దానికి పది రెట్లు. ఇట్టి పంపును తగ్గింపు సాధనము లేకుండ జీపునకు బిగించి, పిదప నీడిల్ మీద నీడిల్ మార్చుచు పోవుట కేవలము వృథా వ్యయము. పాత మెకానికల్ పంపు ఉన్న బండిలో వేరొక మాయ గలదు: దాని డయాఫ్రము చినిగినచో పెట్రోలు ఇంజను ఆయిలులోనికి దిగి, ఆవిరియై మరల గాలితో పాటు లోనికి పోయి మిశ్రమమును చిక్కపరచును. డిప్‌స్టిక్కు తీసి వాసన చూడుడు. ఆయిలు మట్టము తగ్గవలసినది పెరిగియున్నచో సందేహమే లేదు. అట్టి ఆయిలుతో బండిని నడుపుట బేరింగులను చేజేతుల చెరుపుకొనుటయే.

పరుగున, ఘాటులో

స్లోలో నిర్మలముగా ఉండి, వేగము పెరిగినపుడు మాత్రమే నల్లబారు బండిలో మెయిన్ జెట్టు పెద్దదియైనా అయియుండవలెను, దాని పైనుండు గాలి జెట్టు మూసికొనియైనా ఉండవలెను. చెత్త అడ్డుపడినచో ఇంజనునకు పెట్రోలు తగ్గునని సామాన్యులు తలంతురు. కాని బొగ్గుగనుల కొత్తగూడెము దారి దుమ్ము, అడవిబాటల ఎర్రమట్టి గాలి జెట్టులో చేరినపుడు తగ్గునది గాలి, అందుచే మిశ్రమము చిక్కనగును. ఎయిర్ ఫిల్టరు సంగతియు ఇట్టిదే. ఆయిలు పోయు పాతరకపు ఫిల్టరులో గీత దాటి ఆయిలు పోసినను, బురద పేరుకొన్నను గాలికి అడ్డు. ఫ్లోటు గదిలోనికి గాలి బయటి నుండి నేరుగా వచ్చు కార్బురేటరులో ఈ అడ్డు సగము చోకు లాగినట్లు పనిచేయును. గ్యాసు కిట్టు బిగించినపుడు కార్బురేటరు మీద కూర్చుండు మిక్సరు కూడ ఒక ఇరుకే గనుక, బండిని పెట్రోలుపై నడిపినపుడు అదియు అట్లే చేయవచ్చును. గ్యాసు వాల్వు సరిగా మూసికొననిచో పెట్రోలుతో పాటు గ్యాసు కూడ చేరి రెట్టింపు చిక్కన.

ఇక ఘాటు వలన మాత్రమే బయటపడు దోషమొకటి గలదు. అది నాకు మిక్కిలి ఆసక్తికరము. ఫ్లోటు గది సామాన్యముగా బండి ముందువైపునకు ఉండునట్లు కార్బురేటరును అమర్తురు. ముక్కు పైకెత్తి ఎక్కునపుడు గది ఎత్తయి, జెట్టు వద్ద పెట్రోలు మట్టము కొంచెము పెరిగి, ఎక్కుటకు కావలసిన చిక్కదనము తనంత తానే లభించును. అడ్డముగా ఉండవలసిన ఇంజనును నిలువుగా త్రిప్పి బిగించినపుడో, దొరికిన మానిఫోల్డునకు కార్బురేటరును వెనుక ముందులుగా కూర్చినపుడో ఫ్లోటు గది వెనుకకు పోవును. అప్పుడు ఎక్కునపుడు బండి ఆకలిగొని ఆగిపోవును. దిగునపుడు, అందును మలుపులో బ్రేకు వేసినపుడు, వెనుకనున్న గది ఎత్తగుటచే పెట్రోలు గొంతులోనికి పొర్లి, గుప్పున నల్లపొగ వచ్చి ఇంజను ఆగిపోవును. భద్రాచలము వీధులలో ఎన్ని దినములు పరీక్షించినను ఈ జబ్బు కనబడదు. దిగుడులో ఇంజను ఆగినచో, వాక్యూము బ్రేకు గల బండిలో బ్రేకు సాయము కూడ త్వరలోనే పోవును గనుక దీనిని చిన్న దోషముగా ఎంచరాదు. మందు ఒక్కటే: కార్బురేటరును త్రిప్పి బిగించుట.

ఎండ పాలెంత?

ఖమ్మము, కొత్తగూడెము ప్రాంతములలో వేసవి ఎండ 45 డిగ్రీలు దాటుట వింత కాదు. శీతకాలపు వేకువ 15 డిగ్రీల గాలితో పోల్చినచో 45 డిగ్రీల గాలి సుమారు పదవ వంతు పలుచన. కార్బురేటరు గాలి పరిమాణమును చూచునే గాని బరువును చూడలేదు. అందుచే డిసెంబరులో సరిచేసిన బండి మే మాసమున ఐదు శాతము వరకు చిక్కనగును. ఎత్తు ప్రభావము ఇచ్చట స్వల్పము; గోదావరి ఒడ్డు సముద్రమట్టమునకు దగ్గరగనే ఉన్నది, ఘాటు కొండలును మరీ ఎత్తైనవి కావు. కాబట్టి ‘ఎండవలన’ అను సమాధానము ఐదు శాతము వరకే చెల్లును. మైలేజి సగమునకు పడిపోయిన బండికి అది చెల్లదు.

ఎండ చేయు అసలు హాని బండి ఆపినపుడు జరుగును. చింతూరులో టీ త్రాగుటకు ఆగితిరనుకొనుడు. ఇంజను వేడి పైకెగసి ఫ్లోటు గదిలోని పెట్రోలును ఉడికించును. అది నాళము గుండ పొంగి మానిఫోల్డులో మడుగు కట్టును. పావుగంట పిదప స్టార్టు చేసినచో తిరుగును గాని అందుకొనదు. అప్పుడు యాక్సిలరేటరును పలుమారు తొక్కుట మరింత పెట్రోలు పోయుటయే. అడుగంట నొక్కిపట్టి, కదల్పక, స్టార్టరును త్రిప్పినచో గాలి పోయి మడుగు ఆరును. కార్బురేటరునకు మానిఫోల్డునకు నడుమ వేడిని ఆపు దళసరి దిమ్మ ఒకటి ఉండును. ఇంజను మార్పులో బోల్టులు అందలేదని దానిని తీసివేసిన బండ్లకే ఈ బాధ ఎక్కువ.

ఎండకు భయపడి థర్మోస్టాటును పీకివేయుట ఈ ప్రాంతపు మరియొక అలవాటు. దానివలన ఇంజను తగిన వేడికి రాక, పెట్రోలు ఆవిరి కాక గోడలకు చెమ్మగా పట్టును. డ్రైవరు చోకు వదలడు. ఎండలను నిందించుచు ఇంజనును చలిలో ఉంచుట!

కంప్యూటరు గల ఇంజను చేరినచో

పాత జీపు చట్రములో ఇంజెక్షను ఇంజనును కూర్చినవారికి కారణములు మారును గాని ప్రశ్న మారదు. కంప్యూటరు స్వయముగా ఏమియు చూడజాలదు. సెన్సర్లు చెప్పినది నమ్మును. థర్మోస్టాటు లేని ఇంజను వేడెక్కలేదని నీటి సెన్సరు చెప్పినంత సేపు అది చలికాలపు మోతాదునే పోయును. మానిఫోల్డు ఒత్తిడిని కొలుచు మ్యాప్ సెన్సరు గొట్టము చిట్లినచో, బండి నిండు బరువు లాగుచున్నదని భ్రమించి పెట్రోలు హెచ్చించును. కార్బురేటరు బండిలో గాలి దూరినచో మిశ్రమము పలుచనగుటయు, ఇచ్చట ఆ చిన్న గొట్టము చిట్లినచో చిక్కనగుటయు గమనింపదగినవి. సైలెన్సరులో ప్రాణవాయువును కొలుచు ఆక్సిజన్ సెన్సరు, 1970ల నడుమ బాష్ సంస్థ కార్లకు తెచ్చినది, అన్నిటికంటె సులభముగా మోసపోవును. దానికి ముందు పైపునకు పగులున్నచో బయటి గాలి లోనికి చొచ్చును. ఒక ప్లగ్గు మండనిచో వాడని గాలి యథాతథముగా బయటికి పోవును. రెండు వేళలను సెన్సరు ‘గాలి ఎక్కువ’ అని చెప్పును, కంప్యూటరు పెట్రోలు పెంచును. చెడినది ప్లగ్గు తీగ, పొగ త్రాగినది ఇంజను.

ప్లగ్గును చూచు విధము
*బండి ఏ స్థితిలో పొగ వదలునో ఆ స్థితిలోనే కొంత దూరము నడిపి, వెంటనే ఇంజను ఆపి, స్లోలో ఉంచక, ప్లగ్గులు విప్పవలెను. లేత గోధుమరంగు ఆరోగ్యము. పొడి నల్లమసి చిక్కని మిశ్రమము. తడి నూనె మెరుపు గల నలుపు రింగుల అరుగుదల. అది పెట్రోలు రోగము కాదు. నాలుగింటను మసి ఉన్నచో కార్బురేటరును, ఒక్కదానిలోనే ఉన్నచో ఆ ప్లగ్గును, దాని తీగను, టాపెట్లను అనుమానింపవలెను. పాయింట్లు గుంటలు పడి, కండెన్సరు బలహీనమై నిప్పురవ్వ చాలకున్నను ప్లగ్గు నల్లబడును గనుక, జెట్టు ముట్టుకొనకముందు వానిని చూచుకొనుట ఉత్తమము.*

సర్టిఫికెట్టు చెప్పనిది

పాత పెట్రోలు కార్లకు కాలుష్య పరీక్షలో కార్బన్ మోనాక్సైడు 3 శాతము మించరాదని నియమము. కాని ఆ పరీక్ష బండి నిలిచి ఇంజను స్లోలో తిరుగునపుడు జరుగును. స్లో స్క్రూను కొంచెము బిగించి పరీక్ష గడుపుకొన్న బండి, మెయిన్ జెట్టు 130తో ఘాటులో నల్లపొగ వదలుచు పోవుటకు ఆ కాగితము అడ్డుపడదు. ఇంజను మార్పునకు మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను క్రింద అనుమతి పొంది, ఆర్.సి.లో వ్రాయించుకొనవలసియుండుట వేరు సంగతి. ఇన్సూరెన్సు వేళ గాని అది గుర్తునకు రాదు.

చివరకు పాఠకులకు రెండు మాటలు. చిక్కగా నడచు ఇంజను వదలు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు; నేలరేకులకు చిల్లులు పడిన పాత జీపులో, వానకు టార్పాలిన్ దించుకొని, ఇంజను ఆపకుండ కూర్చుండవలదు. మరియు కాలని పెట్రోలు సైలెన్సరులో అంటుకొని పేలునపుడు నిప్పురవ్వలు బయటపడును. ఫిబ్రవరి నుండి వానలు పడు వరకు ఈ అడవులలో ఎండిన టేకాకు మోకాలిలోతున ఉండును గనుక, నల్లపొగ వదలు బండిని బాగుచేయించువరకు అడవిబాటలకు తీసికొనిపోవద్దు. తప్పనిసరియైనచో ఆకులు లేని నేల చూచి ఆపుడు.